పద్మ పురస్కారానికి మా ఊరి మాజీ రాయబారి పేరు: ప్రతిపాదన ఎలా పంపాలి?

ప్రశ్న: మాది ఉత్తర తెలంగాణలో గల్ఫ్ వలసలు ఎక్కువగా ఉన్న ఒక మండలం. మా ఊరివారు ఒకరు ఇండియన్ ఫారిన్ సర్వీస్‌లో చేరి, రాయబారిగా, హైకమిషనర్‌గా వేర్వేరు దేశాలలో పనిచేసి పదవీ విరమణ చేశారు. ఢిల్లీలోనే స్థిరపడతారని అందరం అనుకుంటే, ఆయన భార్యతో కలిసి ఊరికి తిరిగివచ్చి, తాతల నాటి ఇంటిని బాగుచేయించి, అందులో సగభాగాన్ని గ్రంథాలయంగా మార్చారు. సొంత డబ్బుతో ట్రస్టు పెట్టి ఆడపిల్లల ఇంటర్, నర్సింగ్ చదువులకు ఫీజులు కడుతున్నారు. ప్రతి ఆదివారం ఇంటి అరుగు మీద కూర్చుని, గల్ఫ్‌లో చిక్కుకుపోయినవారి కుటుంబాలు తెచ్చే కాగితాలు చదివి, ఎవరికి ఏమి రాయాలో చెబుతారు. చాలాసార్లు తానే రాసిపెడతారు. ఆయన పేరును పద్మ పురస్కారానికి ప్రతిపాదించాలని ఊరివాళ్లం అనుకుంటున్నాం. దీనికి ఎమ్మెల్యే లేదా కలెక్టర్ సిఫారసు తప్పనిసరా? ఏ విభాగం కింద పంపాలి? ఆయనకు తెలియకుండా పంపవచ్చా? అన్నిటికంటే ముఖ్యంగా, ఆ పత్రంలో ఏమి రాయాలి?
– ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, మీ మొదటి సందేహానికి జవాబు సులభం. ఎవరి సిఫారసూ అవసరం లేదు. పద్మ పురస్కారాలకు దేశ పౌరులు ఎవరైనా ఎవరి పేరునైనా ప్రతిపాదించవచ్చు. రాష్ట్ర ప్రభుత్వాలు, కేంద్ర మంత్రిత్వ శాఖలు, గవర్నర్లు, ముఖ్యమంత్రులు, పార్లమెంటు సభ్యులు కూడా పేర్లు పంపుతారు. కానీ వారి ద్వారా వెళ్లిన పేరునే పరిశీలిస్తారన్న నియమం ఏదీ లేదు. ప్రతిపాదనలను కేంద్ర హోం మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్‌లో, రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్ ద్వారా మాత్రమే స్వీకరిస్తుంది. గడువు తేదీలు మాత్రం ఏటా ఒకేలా ఉండవు. 2025 పురస్కారాలకు 2024 మే 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ప్రతిపాదనలు తీసుకున్నారు. 2026 పురస్కారాలకైతే 2025 మార్చి 15నే స్వీకరణ మొదలైంది. అందువల్ల పాత తేదీలను నమ్ముకోకుండా, సంక్రాంతి పండుగ దాటగానే కాగితాలు సిద్ధం చేసుకోవడం మొదలుపెట్టి, మార్చి నుంచి పోర్టల్‌ను చూస్తూ ఉండండి.

అర్హత విషయంలో కూడా ఇబ్బంది లేదు. వైద్యులు, శాస్త్రవేత్తలు మినహా, ఉద్యోగంలో కొనసాగుతున్న ప్రభుత్వోద్యోగులు ఈ పురస్కారాలకు అర్హులు కారు. ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులకూ ఇదే నియమం. మీ ఊరి పెద్దాయన పదవీ విరమణ చేశారు కనుక ఆ నిషేధం ఆయనకు వర్తించదు.

విభాగం ఎంపిక దగ్గర చాలామంది తడబడతారు. ఆయన రాయబారిగా పనిచేశారు కాబట్టి సివిల్ సర్వీస్ విభాగమే సరైనదని మీ ఊళ్లో ఎవరో ఒకరు తప్పక అంటారు. దౌత్యవేత్తలకు పద్మ పురస్కారాలు రావడం కొత్త కాదు. కె.పి.ఎస్. మేనన్‌కు 1958లో పద్మభూషణ్ ఇచ్చారు. విదేశాంగ కార్యదర్శిగా చేసిన శ్యామ్ శరణ్ 2011లో పద్మభూషణ్, ఎస్. జైశంకర్ 2019లో పద్మశ్రీ అందుకున్నారు. అయితే అవన్నీ దౌత్యరంగంలో చేసిన పనికి దక్కిన గౌరవాలు. మీరు గుర్తింపు కోరుతున్నది ఆయన విదేశాలలో చేసిన ఉద్యోగానికి కాదు, ఊరికి వచ్చిన తరువాత తన అరుగు మీద కూర్చుని చేస్తున్న పనికి. సమాజ సేవ అనే విభాగం ప్రత్యేకంగా ఉంది. సామాజిక సేవ, దాతృత్వం, సామాజిక కార్యక్రమాలలో భాగస్వామ్యం దాని కిందికే వస్తాయి. సందేహం లేకుండా ఆ విభాగంలోనే పంపండి. సివిల్ సర్వీస్ కింద పంపితే ఆయనను జీవితమంతా దౌత్యంలో గడిపిన మహామహులతో పోల్చి చూస్తారు. మీరు చెప్పదలచుకున్న అసలు విషయం ఆ పోలికలో ఒక అనుబంధంగా మిగిలిపోతుంది.

ఇక మీ చివరి ప్రశ్న, ఏమి రాయాలన్నది. నా దృష్టిలో ప్రతిపాదన నిలిచేదీ వీగిపోయేదీ ఇక్కడే. ఆ వ్యక్తి చేసిన విశిష్ట సేవను వివరిస్తూ 800 మాటలకు మించకుండా ఒక కథనం ఇవ్వాలని నిబంధన. ఒక రంగంలో ప్రతిభ ఉన్నంత మాత్రాన చాలదని, అందులో ప్రజాసేవ కూడా ఉండాలని, దీర్ఘకాలం పనిచేయడం ఒక్కటే అర్హత కాదని మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. మాజీ రాయబారి విషయంలో ఇది మరింత జాగ్రత్తగా గుర్తుంచుకోవలసిన మాట. ఆయన పదవుల జాబితా చూడడానికి ఘనంగా ఉంటుంది, రాయడానికి తేలికగా ఉంటుంది, ఎవరూ కాదనలేనిది కూడా. అందుకే కలం పట్టినవారు తెలియకుండానే అందులో పడిపోతారు. ఏ ఏ దేశాలలో పనిచేశారు, ఏ ఏ సదస్సులలో పాల్గొన్నారు, ఏ ప్రధానమంత్రి పర్యటనకు ఏర్పాట్లు చూశారు అంటూ రాసుకుంటూ పోతే ఆరువందల మాటలు అక్కడే ఖర్చయిపోతాయి. ఊరి గురించి రాయడానికి చివర రెండు వాక్యాలకు మాత్రం చోటు ఉంటుంది. ఆ పత్రం చదివేవారికి ఆయన ఒక గౌరవనీయుడైన విశ్రాంత అధికారిగా కనిపిస్తారు. అటువంటివారు దేశంలో చాలామంది ఉన్నారు.

మన తెలుగు నేల మీద సమాజ సేవ విభాగంలో పద్మశ్రీ అందుకున్న ఇద్దరిని చూడండి. ఖమ్మం జిల్లాకు చెందిన దరిపల్లి రామయ్యకు 2017లో ఆ గౌరవం దక్కింది. ఆయనకు పదవి లేదు, పెద్ద చదువు లేదు. జీవితమంతా మొక్కలు నాటుతూ గడిపిన మనిషి కనుకనే వనజీవి అన్న పేరు వచ్చింది. డాక్టర్ సంకురాత్రి చంద్రశేఖర్‌కు 2023లో వచ్చింది. 1985లో ఎయిరిండియా కనిష్క విమానాన్ని బాంబుతో పేల్చివేసినప్పుడు ఆయన భార్యనూ ఇద్దరు పిల్లలనూ పోగొట్టుకున్నారు. కెనడాలో జీవశాస్త్రవేత్తగా చేస్తున్న ఉద్యోగం వదులుకొని కాకినాడ ప్రాంతానికి వచ్చి, పేదపిల్లల కోసం పాఠశాలను, కంటి ఆసుపత్రిని నెలకొల్పారు. ఆయన ఎటువంటి శాస్త్రవేత్త అన్నది కాదు, ఆ పాఠశాలలో ఎవరు చదువుకున్నారు, ఆ ఆసుపత్రిలో ఎవరికి చూపు వచ్చింది అన్నదే దేశం గుర్తించిన సేవ. మీ పెద్దాయన గురించి కూడా అదే దారిలో ఆలోచించండి. ఆయన రాకముందు మీ మండలంలో ఏమి జరిగేది, వచ్చాక ఏమి మారింది, ఆ మార్పు ఎవరెవరి జీవితాలలో కనిపిస్తోంది అన్నవే మీ కథనానికి వెన్నెముక కావాలి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆదివారాల పని. ఫీజులు కట్టే దాతలు, గ్రంథాలయాలు పెట్టే దాతలు మన రాష్ట్రాలలో చాలా చోట్ల ఉన్నారు. వారి సేవ తక్కువదని అనను. కానీ జీతం ఇవ్వకుండా పాస్‌పోర్టు దాచుకున్న కఫీల్ (వీసా ఇప్పించిన యజమాని) దగ్గర ఇరుక్కుపోయినవాడి కోసం, అకామా (అక్కడి నివాస అనుమతి) గడువు తీరి పోలీసులకు భయపడుతూ దాక్కున్నవాడి కోసం, ఏ కార్యాలయానికి ఏ కాగితం పంపాలో తెలిసిన మనిషి ఊళ్లోనే దొరకడం అరుదు. రాయబార కార్యాలయాలలో ఫిర్యాదు ఏ బల్ల మీదికి వెళుతుందో, ఎక్కడ ఆగిపోతుందో లోపలి నుంచి చూసిన వ్యక్తి, ఆ అనుభవాన్ని వేలిముద్ర వేసే తల్లి కోసం వాడుతున్నారు. ఆయన ఉద్యోగానికీ సేవకూ నిజమైన ముడి ఉన్న చోటు ఇదొక్కటే. కాబట్టి దౌత్యసేవ గురించి చెప్పవలసినదంతా ఇక్కడే, ఈ పనికి అది ఎలా ఉపయోగపడుతోందో చెబుతూ, వంద మాటలకు మించకుండా చెప్పండి. పదవుల పేర్లు తప్పు పోకుండా చూసుకోండి: కామన్వెల్త్ దేశాలలో మన ప్రతినిధిని హైకమిషనర్ అంటారు, మిగిలిన దేశాలలో రాయబారి అంటారు. చిన్న విషయమే అయినా, ఇది తప్పు రాసిన పత్రాన్ని అధికారులు మిగతా చోట్ల కూడా అనుమానంగానే చదువుతారు. ఫలానా యుద్ధం ఆయన వల్లే ఆగిందట, ఫలానా ఒప్పందం ఆయన చేతి మీదుగానే జరిగిందట అని ఊళ్లో చెప్పుకునే మాటలు ఒక్కటి కూడా రాయకండి. వాటిని రుజువు చేయడం మీ వల్ల కాదు.

గల్ఫ్ బాధితుల విషయంలో మరొక జాగ్రత్త ఉంది. ఎంత ప్రేమతో రాసినా, ఇతరులు చేసిన పనిని ఆయన ఖాతాలో వేయకూడదు. ఆపదలో ఉన్న భారతీయులకు తిరుగు టికెట్టు, తాత్కాలిక వసతి, మృతదేహాల తరలింపు వంటి వాటికి మన రాయబార కార్యాలయాల దగ్గర 2009లో ఏర్పాటైన ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. ఫిర్యాదు నమోదు చేసి దాని పరిస్థితిని తెలుసుకోవడానికి 2015లో విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌ను తెచ్చింది. మృతదేహం రావాలంటే అక్కడి మరణ ధ్రువపత్రం, పోలీసు అనుమతి, మన రాయబార కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు, శవం చెడిపోకుండా శుద్ధి చేసినట్లు ధ్రువీకరణ ఇవన్నీ ఉండాలి. ఇందులో ఎన్నో చేతులు పనిచేస్తాయి. 'ఆయన శవాన్ని తెప్పించారు' అని రాస్తే అది పూర్తి నిజం కాదు. 'కుటుంబానికి ఏ పత్రాలు కావాలో అదే రోజు చెప్పి, మదద్‌లో ఫిర్యాదు నమోదు చేయించి, నిరభ్యంతర పత్రం కోసం రాయబార కార్యాలయానికి లేఖ రాసి, జవాబు వచ్చే వరకు వెంటపడ్డారు' అని రాస్తే ప్రతి మాటకూ ఆధారం ఉంటుంది. పైగా చదివేవారికి ఆ మనిషి కళ్ల ముందు నిలుస్తాడు.

ఆధారం ఎక్కడ దొరుకుతుందని అడుగుతారేమో. మీ ఉత్తరంతో పాటు ఒక ఫోటో కూడా జతచేశారు. అందులో ఆయన ముందు బల్ల మీద అట్ట వేసిన పొడుగు రిజిస్టరు తెరిచి ఉంది. అడ్డగీతలు గీసి, వచ్చినవారి పేరు, ఊరు, దేశం, యజమాని పేరు, లేఖ పంపిన తేదీ, జవాబు వచ్చిన తేదీ అని గళ్లు కట్టి ఉన్నాయి. కొన్ని గళ్లలో జవాబు తేదీ ఖాళీగానే ఉంది. మీ ప్రతిపాదనకు అంతకంటే విలువైన కాగితం మరొకటి ఉండదు. ఆయన అనుమతితో ఆ రిజిస్టరు చూసి, ఏ సంవత్సరం ఎన్ని కుటుంబాలు వచ్చాయి, ఎన్నింటికి పరిష్కారం దొరికింది, ఎన్ని ఇంకా మిగిలి ఉన్నాయి అన్నది లెక్కగట్టండి. పరిష్కారం కానివాటిని దాచవద్దు. నూటికి నూరూ సాధించామన్న పత్రం కంటే, సాధించినవీ సాధించలేనివీ విడివిడిగా చెప్పే పత్రానికే విశ్వసనీయత ఎక్కువ. కానీ బాధితుల పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు ప్రతిపాదనలో పెట్టకండి. వారు సాయం కోసం వచ్చారు. పురస్కార పత్రంలో ఉదాహరణలు కావడానికి ఒప్పుకొని రాలేదు.

భాష గురించి ఒక మాట. మీరు ముందుగా రాసి పంపిన నమూనాలో ఇలా ఉంది: 'వీరు నిరుపేదల పాలిటి కల్పవృక్షం, ఆపన్నుల పాలిటి ఆపద్బాంధవులు, విద్యాదానంలో అపర కర్ణులు.' సన్మానసభలో చదవడానికి ఈ వాక్యం బాగుంటుంది. ఎంపిక సంఘం ముందు ఇది ఏమీ చెప్పదు, ఎందుకంటే ఇదే వాక్యాన్ని పేరు మార్చి ఎవరికైనా వాడవచ్చు. దాని బదులు, 'మా మండలంలో పదో తరగతి పాసైన ఆడపిల్లలు ఇంటర్ కోసం పట్టణానికి వెళ్లవలసి రావడంతో చాలామంది చదువు మానేసేవారు. ట్రస్టు ఫీజుతో పాటు బస్సు పాసు, హాస్టల్ ఖర్చు కూడా భరించడం మొదలయ్యాక ఎంతమంది ఇంటర్ పూర్తిచేశారో, వారిలో ఎంతమంది నర్సింగ్‌లో చేరి ఈనాడు ఎక్కడ పనిచేస్తున్నారో' వివరంగా రాయండి. ఆ సంఖ్యలు పాఠశాల రికార్డులలోను, ట్రస్టు చెల్లింపుల పుస్తకంలోను దొరుకుతాయి. జీవితకాలం బడిలో పనిచేసిన మీకంటే ఆ రికార్డులు చదవగలవారు ఎవరున్నారు? ఆంగ్లంలో పంపదలచుకున్నా, ముందు తెలుగులోనే పూర్తిగా రాసుకోండి. ఆలోచన తేటపడిన తరువాత భాష మార్చుకోవడం కష్టం కాదు. అప్పుడు అతిశయోక్తులు వాటంతట అవే రాలిపోతాయి.

ట్రస్టు కాగితాలు కూడా ముందే సరిచూసుకోవాలి. పరిశీలనకు వచ్చినవారి పూర్వాపరాలను కేంద్ర సంస్థలు విచారిస్తాయి. ట్రస్టు నమోదు పత్రం, ఏటా ఆడిట్ నివేదికలు, ఆదాయపు పన్ను చట్టం కింద పొందిన నమోదు ఉన్నాయో లేదో చూడండి. మాజీ రాయబారికి విదేశాలలో మిత్రులు ఉండడం, వారు మంచి పనికి డబ్బు పంపుతామనడం సహజం. కానీ విదేశీ విరాళం తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉండి తీరాలి. 2020 సవరణ తరువాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే మొదట రావాలి. మీ ట్రస్టు ఆయన సొంత డబ్బుతోనే నడుస్తోందని రాశారు కనుక ఇక్కడ చిక్కు ఉండకపోవచ్చు, అయినా ఒకసారి అడిగి నిర్ధారించుకోండి.

అడగాలంటే ఆయనకు విషయం చెప్పాలి కదా. ప్రతిపాదించే ముందు ఆ వ్యక్తి లిఖితపూర్వక సమ్మతి తీసుకోవాలన్న షరతు లేదు. ఎంపికైనవారికి ప్రకటనకు ముందు హోం మంత్రిత్వ శాఖ నుంచి ఫోన్‌లో తెలియజేస్తారు. అయినా మీ విషయంలో చెప్పి పంపడమే ధర్మమని నా అభిప్రాయం. 'మీకు పురస్కారం కావాలా?' అని అడిగితే సంస్కారవంతుడైన మనిషి వద్దనే అంటాడు. ఆ ప్రశ్న అడగవద్దు. 'ఈ పని గురించి మేము రాయదలచుకున్నాం, లెక్కలు సరిగా ఉండాలి, రిజిస్టరు చూపించండి' అని అడగండి. తన పేరు కోసం కాకపోయినా, అరుగు మీది పని మరో నాలుగు మండలాలకు తెలియడానికైనా ఆయన ఒప్పుకోవచ్చు. ఒప్పుకోకపోతే ఆగిపోండి. ఒక మనిషిని గౌరవించడం కోసం ఆయన మాటను కాదనడం సబబు కాదు.

ప్రశ్న: మా బాబాయి గారు కూడా విదేశాంగ శాఖలో పనిచేసి, రిటైరయ్యాక వృద్ధాశ్రమం నడిపారు. పోయిన శ్రావణంలో కాలం చేశారు. ఇప్పుడు ఆయన పేరు పంపవచ్చా?

జవాబు: మీ కుటుంబానికి నా సానుభూతి. సాధారణంగా మరణానంతరం పద్మ పురస్కారాలు ఇవ్వరు. అత్యంత అర్హులైనవారి విషయంలో, ఆ మరణం ఇటీవలిదైతే, అంటే పురస్కారం ప్రకటించే గణతంత్ర దినోత్సవానికి ముందు ఏడాది లోపల జరిగినదైతే, పరిశీలించే అవకాశం ఉంది. దౌత్యవేత్త జె.ఎన్. దీక్షిత్ 2005 జనవరి మొదటి వారంలో మరణించగా, ఆ నెలలోనే ఆయనకు మరణానంతర పద్మవిభూషణ్ ప్రకటించారు. మీ బాబాయి గారి విషయంలో తేదీలు ఆ ఏడాది లోపల పడుతున్నాయో లేదో చూసుకోండి. పడకపోతే ఆశ్రమం కొనసాగింపుకు దాతలను వెతకడమే ఆయన పేరుకు మీరు చేయగల మేలు.

ప్రశ్న: ఢిల్లీలో తనకు పరిచయాలున్నాయని, ఖర్చులు భరిస్తే ఫైలు 'కదిలిస్తానని' ఒకాయన మా ట్రస్టు పెద్దను కలిశాడు. నిజమేనా?

జవాబు: కాదు. ప్రతిపాదనకు ఎటువంటి రుసుమూ లేదు. పేర్లన్నిటినీ ప్రధానమంత్రి ఏటా నియమించే పద్మ పురస్కారాల కమిటీ పరిశీలిస్తుంది; దానికి కేబినెట్ కార్యదర్శి అధ్యక్షత వహిస్తారు, హోం కార్యదర్శి, రాష్ట్రపతి కార్యదర్శి, కొందరు ప్రముఖులు సభ్యులుగా ఉంటారు. వారి సిఫారసులు ప్రధానమంత్రి, రాష్ట్రపతి ఆమోదానికి వెళతాయి. ఈ దారిలో మధ్యవర్తికి చోటు లేదు. ఆ మనిషికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. డబ్బు అడిగినట్లు రాతలో ఏదైనా ఉంటే పోలీసులకు ఇవ్వండి. మీ ట్రస్టు పెద్ద ఇన్నేళ్లు నిలబెట్టుకున్న మంచిపేరుకు ఈ బేరం ఒక్కటే చాలు మచ్చ తేవడానికి.

ప్రశ్న: నేను స్వయంగా విదేశాంగ శాఖ నుంచి రిటైరై ఇరవై ఏళ్లుగా సేవాకార్యక్రమాలు చేస్తున్నాను. నా పేరు నేనే పంపుకోవచ్చని విన్నాను. అది మర్యాదేనా?

జవాబు: నియమం ఒప్పుకుంటుంది, స్వీయ ప్రతిపాదనలను కూడా స్వీకరిస్తారు. ఎవరి అండా లేని కళాకారుడికీ, మారుమూల గ్రామంలో పనిచేసే సేవకుడికీ అది ఎంతో అవసరమైన వెసులుబాటు. మీ స్థాయివారి విషయంలో నా సలహా వేరు. మీ సేవ వల్ల మేలు పొందినవారు ఇరవై ఏళ్లలో చాలామంది ఉండాలి. వారిలో ఒకరు పెన్ను పట్టి రాస్తే, మీకు గుర్తులేని సంగతులు కూడా అందులోకి వస్తాయి. మనం మన పని గురించి రాసుకునేటప్పుడు పెట్టిన ఖర్చు, పడిన శ్రమ రాస్తాం. ఎదుటివాడి ఇంట్లో ఏమి మారిందో మనకు సగమే తెలుసు.

ప్రశ్న: పురస్కారం వస్తే మా రాయబారి గారి పేరు ముందు 'పద్మశ్రీ' అని గ్రంథాలయం బోర్డు మీద రాయించాలని ఊరివాళ్లం ఇప్పటి నుంచే అనుకుంటున్నాం. రాకపోతే వేరే దారి ఉందా?

జవాబు: రాయించకండి. పద్మ పురస్కారాలు రాజ్యాంగంలోని 18వ అధికరణం నిషేధించిన బిరుదుల కోవలోకి రావని, అయితే వాటిని పేరుకు ముందు గానీ వెనుక గానీ తగిలించుకోకూడదని సుప్రీంకోర్టు 1995లో బాలాజీ రాఘవన్ కేసులో తీర్పు చెప్పింది. ఆహ్వాన పత్రికలు, పోస్టర్లు, పుస్తకాల మీద కూడా అలా వాడకూడదు. దుర్వినియోగం చేస్తే పురస్కారాన్ని రద్దుచేసే అధికారం రాష్ట్రపతికి ఉంది. గ్రహీతకు రాష్ట్రపతి సంతకంతో ప్రశంసాపత్రం, పతకం ఇస్తారు. నగదు గానీ, రైలు, విమాన ప్రయాణ రాయితీలు గానీ ఉండవు.

రాకపోవడం గురించి అడిగారు కనుక చెబుతున్నాను. మరణానంతర పురస్కారాలు, ప్రవాసులకూ విదేశీయులకూ ఇచ్చేవి మినహాయిస్తే, ఏడాదికి మొత్తం 120కి మించి ఇవ్వరు. దేశం మొత్తం నుంచి వచ్చే ప్రతిపాదనల ముందు అది చాలా చిన్న సంఖ్య. జనవరి 25 సాయంత్రం వెలువడే జాబితాలో పేరు లేకపోతే, ఆ ఏడాది కొత్తగా జరిగిన పనిని చేర్చి మరుసటి గడువులో మళ్లీ పంపండి. పద్మ పురస్కారాలు ఒక్కటే దారి కూడా కాదు. గాంధేయ మార్గంలో నిర్మాణాత్మక కృషికి 1978 నుంచి, మహిళా శిశు సంక్షేమానికి 1980 నుంచి జమ్నాలాల్ బజాజ్ పురస్కారాలు ఇస్తున్నారు. ఆడపిల్లల చదువు కోసం మీ ట్రస్టు చేస్తున్న పనిని ఆ కోణం నుంచి చూపవచ్చు. ప్రవాసీ భారతీయ సమ్మాన్ అన్న పేరు విని దానికి పంపాలని కొందరు అనవచ్చు. అది విదేశాలలో ఉంటున్న భారతీయులకూ, భారత సంతతివారికీ, వారి సంస్థలకూ ఉద్దేశించినది. ఊళ్లోనే నివసిస్తున్న మీ రాయబారి గారికి వర్తించదు. ఏ పురస్కారానికి పంపినా రిజిస్టరు నుంచి, పాఠశాల రికార్డుల నుంచి మీరు తీసిన లెక్కలే పనికి వస్తాయి, కాబట్టి వాటి ప్రతులు రెండు తీయించి ఒకటి గ్రంథాలయంలో, ఒకటి ట్రస్టు కార్యాలయంలో భద్రపరచండి.